చేత్తో తోలు పని: మొదటి కార్డు హోల్డరు, మొదటి బెల్టు – ఏ తోలు కొనాలి, ఎలా కుట్టాలి?

కొత్తచేయి_హనుమకొండ
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. శని, ఆదివారాల్లో చేత్తో ఏదైనా పని నేర్చుకోవాలని ఉంది. వీడియోలు చూసి చూసి తోలు పని మీద మనసు పడింది. ముందు ఒక కార్డు హోల్డరు, అది కుదిరితే మా నాన్నకు ఒక బెల్టు చేద్దామనుకుంటున్నాను.

సందేహాలు ఇవి. వీడియోల్లో అందరూ "వెజిటబుల్ టాన్డ్" అంటారు. ఇక్కడ కొట్లో అడిగితే "అంతా ఒరిజినల్ లెదరే సార్" అంటున్నారు. తేడా ఎలా కనిపెట్టాలి? ఎంత మందం కొనాలి? పనిముట్ల సెట్టు ఆన్‌లైన్‌లో నలభై ముక్కలది కనిపిస్తోంది, కొనెయ్యనా? మిషన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు.

రంపె_పాతబడి
స్వాగతం తమ్ముడూ. ముందు ఆ నలభై ముక్కల సెట్టు కొనకు. అందులో నువ్వు వాడేవి ఆరో ఏడో ఉంటాయి, అవి కూడా మెత్తటి ఇనుముతో వస్తాయి. మొదటి కార్డు హోల్డరుకు కావలసినవి ఇంతే: పదునైన కత్తి, స్టీలు స్కేలు, కుట్టు రంధ్రాలు కొట్టే ఫోర్కు (పళ్ల మధ్య 3 మిల్లీమీటర్లో 4 మిల్లీమీటర్లో ఎడం), కొయ్య సుత్తి, మొండి మొనల సూదులు రెండు, మైనం పట్టించిన దారం, ఇసుక కాగితం. కింద పెట్టుకోవడానికి వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు చాలు.

ఫోర్కును ఇనప సుత్తితో కొట్టకు, తల చితికిపోతుంది.

కత్తికి మాత్రం డబ్బు పెట్టక్కర్లేదు. చెప్పులు కుట్టేవాళ్ల రంపె చూశావా? చాలామంది పాత హాక్సా బ్లేడును అరగదీసి చేసుకున్నదే. పవర్ హాక్సా బ్లేడు ముక్క ఒకటి వర్క్‌షాపులో అడిగి తెచ్చుకో. సానరాయి మీద ఒక పక్కే పదును పెట్టి, పాత బెల్టు ముక్క మీద పాలిష్ రాసి దాని మీద లాగితే వెంట్రుక తెగుతుంది. అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచు. మామూలు కార్బన్ స్టీలు బ్లేడైతే, నీలంగా మారిందంటే పదును నిలవదు.

ఆంబూర్_కెమిస్ట్రీ
తోలు సంగతి నేను చెబుతాను. టానరీ లాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే.

పచ్చి తోలు కుళ్లకుండా, ఎండినా అట్టలా బిగుసుకోకుండా చేసేదే టానింగ్, తెలుగులో తోలును పదును పెట్టడం. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా పెద్ద భాగం క్రోమ్ టానింగ్‌దే. క్రోమియం సల్ఫేటుతో ఒక్క రోజులో పని అయిపోతుంది. మొదటి దశలో తోలు లేత నీలంగా వస్తుంది, దాన్ని మేము వెట్ బ్లూ అంటాం. తర్వాత ఏ రంగైనా వేసుకోవచ్చు. మెత్తగా ఉంటుంది, నీటికి తట్టుకుంటుంది. చెట్టు బెరడు, కాయల్లోని టానిన్లతో చేసేది వెజిటబుల్ టానింగ్. గుంటల్లో ఊరబెడితే వారాలు, నెలలు పడుతుంది. అది దిట్టంగా ఉంటుంది, మడత పెడితే గీత నిలుస్తుంది, అంచు రుద్దితే నునుపెక్కుతుంది. చేత్తో పని చేసేవాళ్లు దాన్ని అడిగేది ఇందుకే.

కొట్లోనే తేడా చూడాలంటే అంచు కోసి చూడండి. పైన ఏ రంగు వేసినా, నడుమ నీలమో బూడిద రంగో కనిపిస్తే క్రోమ్. నడుమ గోధుమ రంగు ఉంటే వెజ్ కావచ్చు. "కావచ్చు" అనడానికి కారణం ఉంది. క్రోమ్ చేశాక మళ్లీ టానిన్లు పట్టించిన తోలు కూడా నడుమ గోధుమగానే కనిపిస్తుంది.

ఇంటికి చిన్న ముక్క తెచ్చుకోగలిగితే మరిగే నీళ్లలో ఒక నిమిషం వేయండి. వెజ్ టాన్ 70 నుంచి 85 డిగ్రీల మధ్యే ముడుచుకుపోతుంది, కాబట్టి మరిగే నీళ్లలో చుట్టుకుపోయి గట్టిపడుతుంది. మంచి క్రోమ్ తోలు 100 డిగ్రీలకూ చలించదు.

ఇంకో పరీక్ష. వెనిగర్‌లో స్టీల్ ఊల్ కొంచెం వేసి రెండు రోజులు మూత బిగించకుండా వదిలేయండి. ఆ నీళ్ల చుక్క వెజ్ టాన్ మీద వేస్తే నల్లగా మారుతుంది. టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. అచ్చం క్రోమ్ మీద ఆ నలుపు రాదు.

కొత్తచేయి_హనుమకొండ
మేడం, చాలా థాంక్స్. మరి "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉంటే మంచిదే కదా?

ఆంబూర్_కెమిస్ట్రీ
అది తోలే అని మాత్రమే చెబుతుంది, మంచి తోలని కాదు. పై పొర చెక్కకుండా వదిలిన తోలు ఫుల్ గ్రెయిన్. మందమైన తోలును అడ్డంగా రెండు పొరలుగా చీల్చాక మిగిలిన కింది పొర స్ప్లిట్. దాని మీద ప్లాస్టిక్ పూత వేసి అచ్చు గుద్దితే పైకి తోలులాగే ఉంటుంది, రెండు మూడేళ్లలో పూత పెచ్చులు లేస్తుంది. ఇక బాండెడ్ లెదర్ అంటే తోలు పొట్టును జిగురుతో అతికిన రేకు. దాన్ని కుట్టడం దండగ. దారం లాగగానే రంధ్రం చిరుగుతుంది.

సన్నకుట్టు
దుకాణాల్లో "అడుగు ఎంత" అన్నది ధర. చదరపు అడుగు లెక్క. తోలు వెనక మిల్లీమీటర్లో మందం, అడుగుల లెక్క రాసి ఉంటాయి. అమెరికా వీడియోల్లో ఔన్సులు చెబుతారు, ఒక ఔన్సు అంటే 0.4 మిల్లీమీటర్లు అనుకోండి. కార్డు హోల్డరు లోపలి పొరలకు 1 మి.మీ., బయటి పొరకు 1.2 నుంచి 1.5. బెల్టుకు ఒకే పొర 3 నుంచి 4 మి.మీ.

బెల్టు తోలు వెన్ను పొడవునా కోసిందే తీసుకోండి. పొట్ట వైపు తోలు చవగ్గా ఇస్తారు, కొత్తవాళ్లు దానికే పడిపోతారు. అది సాగుతుంది. ఆరు నెలలకు బెల్టుకు కొత్త రంధ్రం పెట్టాల్సి వస్తుంది. కొనేముందు రెండు చేతులతో పట్టి లాగి చూడండి, సాగితే వదిలేయండి.

ఎక్కడ దొరుకుతుందంటే, చెన్నైలో పెరియమేట్. సెంట్రల్ స్టేషన్ నుంచి దగ్గరే. వీధుల నిండా తోలు కొట్లు. ముక్కలు కూడా అమ్ముతారు, నేర్చుకునేటప్పుడు అవి చాలు.

డాలస్_వార్లు
ఇక్కడ మాకు టాండీ కొట్టు ఉంది. 1919లో పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో మొదలైన కంపెనీ. కౌబాయ్‌ల ఊరు కదా, జీను పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సౌకర్యమే గానీ, నేను ఇండియా వచ్చినప్పుడల్లా పెరియమేట్ నుంచే గేదె తోలు తెచ్చుకుంటాను. మా అత్తగారికి ఆ వాసన పడదు, అది వేరే కథ.

కుట్టు గురించి చెబుతాను. రెండు సూదుల కుట్టు, జీనులకు వేసేది. ఒకే దారం రెండు చివర్లా రెండు సూదులు. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరి దాటుతాయి. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో మెలిక పడతాయి. ఒక చోట తెగితే వరసగా ఊడుతూ పోతుంది. రెండు సూదుల కుట్టులో ఒక పోగు అరిగి తెగినా రెండోది అదే రంధ్రాల్లో నిలబడి ఉంటుంది.

కుట్టు వరస ఏటవాలుగా అందంగా రావాలంటే ఒకటే నియమం: ప్రతి రంధ్రంలో ఏ సూది ముందు వెళ్తుందో, రెండో సూది దారానికి పైనుంచి వెళ్తుందా కిందనుంచి వెళ్తుందా, ఈ రెండూ మొదటి నుంచి చివరి దాకా మారకూడదు. మధ్యలో ఫోన్ ఎత్తితే అక్కడ కుట్టు వంకర పోతుంది, దూరం నుంచే తెలుస్తుంది.

దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకోండి. తోలు మందం ఎక్కువైతే ఇంకొంచెం.

మున్నేరు_గట్టు
డాలస్ అన్నా, మీరు రెండు సూదుల కుట్టును అంత పొగిడారు గానీ, మా ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన రెండు సూదులు ముట్టిందే లేదు. కొక్కెం ఉన్న ఆరెతో పొడుస్తాడు, కింద నుంచి దారాన్ని లూపులా లాగుతాడు, రెండో కొసను ఆ లూపులోంచి దూర్చి బిగిస్తాడు. అంతే. ఆయన కుట్టిన చెప్పులు అట్ట అరిగిపోయాయి గానీ కుట్టు వదల్లేదు. మీ లెక్క ప్రకారం అది మిషన్ కుట్టు లాంటిదే కదా?

డాలస్_వార్లు
పడే మెలిక మిషన్‌దే, కాదనను. కానీ మిషన్ ఆ బిగువు పట్టదు. ఆయన మైనం దట్టంగా పట్టించి, దారం చేతికి చుట్టుకుని ఒంటి బలంతో లాగుతాడు. మెలిక తోలు మధ్యలో కూరుకుపోతుంది, రంధ్రం మూసుకుంటుంది. అందుకే నిలుస్తుంది. పర్సు లాంటి పలచటి పనికి అంత లాగితే తోలు ముడతలు పడుతుంది.

రంపె_పాతబడి
ఇద్దరిదీ నిజమే. నేను చెప్పు అట్టకు కొక్కెం ఆరె, పర్సుకు రెండు సూదులు వాడతాను. కొక్కెం ఆరెతో వేగం నాలుగింతలు. రోడ్డు పక్కన గిరాకీ నిలబడి చూస్తుంటే రెండు సూదులతో కూర్చోవడం కుదరదు కదా.

కొత్తచేయి తమ్ముడికి ఒక లెక్క చెబుతా, కూర్చునే ఓపిక ఉందో లేదో చూసుకోవడానికి. కార్డు హోల్డరు మూడు వైపులా కలిపి కుట్టు పాతిక సెంటీమీటర్లు వస్తుంది. 3 మి.మీ. ఎడంతో అయితే ఎనభై పైచిలుకు రంధ్రాలు. ప్రతిదానిలో రెండు సూదులు. మొదటిసారి ఒక సాయంత్రమంతా పోతుంది. బెల్టుకు చుట్టూ కుట్టు వేయాలనుకుంటే వారాంతం మొత్తం పోతుంది. అందుకే మొదటి బెల్టుకు కుట్టు వద్దు. ఒకే పొర దళసరి తోలు, బకిల్ దగ్గర స్క్రూ రివెట్లు రెండు, అంతే.

కొత్తచేయి_హనుమకొండ
కొలతలు కూడా చెప్పరా ప్లీజ్? ఆన్‌లైన్ పాటర్న్‌లు అమెరికావి. మన నోట్లకు సరిపోతాయా అని టెన్షన్.

సన్నకుట్టు
కార్డు ఎక్కడైనా ఒకటే: 85.6 × 54 మి.మీ. ఆధార్ పీవీసీ కార్డు, డెబిట్ కార్డు, లైసెన్సు అన్నీ ఇదే. కార్డు దూర్చే అర వెడల్పు 96 లేదా 97 మి.మీ. పెట్టుకోండి. కుట్టుకు రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్లు పోను కార్డు ఆడడానికి నాలుగైదు మిగులుతుంది. కొత్తగా బిగుతుగానే ఉండాలి. కార్డు సులువుగా జారేలా చేస్తే తోలు సాగాక ఆటోలోంచి దిగేటప్పుడు రాలిపోతుంది.

నోట్ల పర్సు అయితే, కొత్త 500 నోటు 150 × 66, 200 నోటు 146 × 66, 100 నోటు 142 × 66. డాలరు 156 × 66. ఎత్తు ఒకటే, పొడవులో మనదే కొంచెం పొట్టి. కాబట్టి అమెరికా పాటర్న్ నిశ్చింతగా వాడండి. యూరప్ పాటర్న్‌తో పని లేదు, వాళ్ల నోట్లు చాలావరకు మన వాటికంటే ఎత్తు, పర్సు ఊరికే పెద్దదవుతుంది. 2016కు ముందు చేసిన పాత భారతీయ పాటర్న్‌లు దొరికితే వాటినీ వదిలేయండి. పాత 500 నోటు ఎత్తు 73 మి.మీ.

రెండు మడతల పర్సులో బయటి తోలు లోపలి తోలు కంటే నాలుగైదు మి.మీ. పొడవుండాలి. రెండూ ఒకే కొలత కోస్తే మడిచినప్పుడు లోపల గుబ్బ లేస్తుంది.

బెల్టుకు ప్యాంటు సైజు నమ్మొద్దు. నాన్నగారు ఇప్పుడు పెట్టుకునే బెల్టు తీసి, బకిల్ మడత నుంచి రోజూ వాడే రంధ్రం దాకా కొలవండి. అది మీ నడిమి రంధ్రం. దానికి అటు రెండు, ఇటు రెండు, పాతిక మి.మీ. ఎడంతో. జీన్స్ మీదకైతే వెడల్పు 35 లేదా 38, ఆఫీసుకైతే 30.

విశాఖ_ఉప్పుగాలి
అంచు గురించి ఎవరూ చెప్పలేదేంటి! చూడగానే చేతిపని అని తెలిసేది అంచు దగ్గరే.

వెజ్ టాన్ అయితే: రెండు మూలలూ కొద్దిగా చెక్కి గుండ్రం చేయండి. 400 ఇసుక కాగితం, తర్వాత 800. కొంచెం తడి చేసి, గట్టి కొయ్యతో జోరుగా రుద్దండి. వేడి పుట్టాలి. పీచు కలిసిపోయి మెరుపు వస్తుంది. ట్రాగకాంత్ జిగురు పూస్తే ఇంకా త్వరగా వస్తుంది. చివర్లో తేనెమైనం రాసి గుడ్డతో రుద్దండి.

క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా ఇలా రాదు, పీచు లేస్తూనే ఉంటుంది. దానికి అంచు పెయింటు వేయాలి, లేదా అంచును పలచగా చెక్కి లోపలికి మడిచి కుట్టాలి. షాపుల్లో దొరికే పర్సులన్నీ దాదాపు మడత అంచువే, గమనించండి.

అతికించడానికి సొల్యూషన్ రెండు వైపులా పలచగా పూసి, వేలు పెడితే అంటుకోనంత ఆరాక కలపాలి. తడిగా ఉన్నప్పుడే కలిపేస్తే పట్టదు. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ వాసనకు తల తిరుగుతుంది. ఇంట్లో పిల్లలుంటే డబ్బా దాచండి.

మా సముద్రం ఒడ్డు వాళ్లకు ఇంకో బాధ: బూజు. వెజ్ టాన్‌ను వానాకాలం ప్లాస్టిక్ కవర్లో పెట్టారంటే పచ్చగా లేస్తుంది. నూలు గుడ్డలో చుట్టి గాలి ఆడే చోట పెట్టండి. బూజు వస్తే గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది.

పల్నాటి_పలుపు
ఇంత చర్చలో ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతాను. మీరంతా "వెజిటబుల్ టాన్" అని దిగుమతి సరుకులా మాట్లాడుతున్నారు. మా తాతల పని అది. ఊరి చివర లంద, అంటే తోళ్లు ఊరబెట్టే చోటు, ఉండేది. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో ఊరబెట్టేవాళ్లు. తోలును సంచిలా కుట్టి, దుంగలకు వేలాడదీసి, లోపల చెక్క పొడి నింపి నీళ్లు పోసేవాళ్లు. నీళ్లు చుక్క చుక్కగా తోలులోంచి ఊరి కిందకు దిగేవి, వాటిని మళ్లీ పైన పోసేవాళ్లు.

ఆ తోలుతోనే మోట తొండం, ఎడ్ల మెడపట్టీలు, చెర్నాకోల, కిర్రు చెప్పులు. ఊరి సేద్యం మొత్తం ఆ తోలు మీదే నడిచింది. కూలి మాత్రం కళ్లం దగ్గర కొలిచిన గింజలు. పైగా "వాసన" అని దూరంగా నిలబెట్టారు. ఇప్పుడు అదే పని ఇంగ్లీషు పేరుతో గదిలో ఏసీ కింద చేస్తే హాబీ అయింది. చేయొద్దనడం లేదు, చేయండి. కానీ ఈ పని ఎక్కడో ఇటలీలో పుట్టినట్టు మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

కొత్తచేయి_హనుమకొండ
అన్నా, క్షమించండి, ఆ ఉద్దేశం కాదు. తంగేడు అంటే మన బతుకమ్మలో పెట్టే తంగేడేనా?

పల్నాటి_పలుపు
అదే. తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వు బతుకమ్మకు, చెక్క లందకు. నువ్వేం తప్పుగా అనలేదు తమ్ముడూ, నేను అన్నది మొత్తం చర్చ గురించి.

ఆంబూర్_కెమిస్ట్రీ
పల్నాటి గారి మాటకు ఆధారం మా పుస్తకాల్లోనూ ఉంది. దక్షిణాది బెరడు తోళ్లు ఈస్టిండియా తోళ్లనే పేరుతో మద్రాసు రేవు నుంచి లండన్‌కు పోయేవి. తంగేడును తమిళంలో ఆవారం అంటారు, ఆ తోళ్లకు పేరు తెచ్చింది ఆ చెక్కే. తర్వాత వాటిల్ అనే చెట్టు బెరడు దాని స్థానం తీసుకుంది. ఇప్పటికీ తమిళనాడులో "ఈఐ" తోలు అంటే వాటిల్, కరక్కాయలతో చేసిందే. కొట్లో "వెజ్ టాన్ ఉందా" అంటే అర్థం కాకపోతే "ఈఐ ఉందా" అని అడిగి చూడండి.

బెరడు తోలంటే కాలుష్యం లేదనుకోవడం మాత్రం పొరపాటు. సున్నం, ఉప్పు, టానిన్ నీళ్లు అన్నీ ఎక్కడికో పోవాలి కదా. పాలారు నది ఏమైందో మా ప్రాంతం వాళ్లకు తెలుసు. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో ఇచ్చిన తీర్పు ఆ టానరీల గురించే. క్రోమ్ కూడా అందరూ భయపెట్టినంత విషం కాదు. తోలులో ఉండేది మూడో స్థితి క్రోమియం. ప్రమాదం ఆరో స్థితిది. తయారీ సరిగా లేకపోతే అది పుట్టొచ్చు. అందుకే యూరప్‌లో ఒంటికి తగిలే తోలులో కిలోకు 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టారు.

మున్నేరు_గట్టు
కొల్హాపురి చెప్పుల గొడవ గుర్తొచ్చింది. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా వాళ్లు అచ్చం అలాంటివే చూపించి మొదట ఎక్కడివో పేరు చెప్పలేదు. గోల జరిగాక ఒప్పుకున్నారు. 2019లోనే వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. మన కిర్రు చెప్పులకు అలాంటిది అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ధర్మవరం_పక్కూరు
చెప్పుల సంగతి తెలీదు గానీ, మా వైపు నిమ్మలకుంట తోలుబొమ్మలకు ఉంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు బొమ్మలాట కంటే లాంప్ షేడ్ల మీదే ఇళ్లు నడుస్తున్నాయి.

ఆ పని చూస్తే మీరు చెప్పేవన్నీ తిరగబడతాయి. అది అసలు టానింగ్ చేసిన తోలే కాదు. మేకతోలును వేడినీళ్లతో శుభ్రం చేసి, గీకి పలచన చేసి, బిగించి ఎండబెడతారు. వెలుగు దూరేంత పలచన. దాని మీద గీత గీసి, ఉలితో చుక్కలు కొడతారు. నగలు, పంచె అంచు అన్నీ ఆ రంధ్రాలే. తర్వాత రంగులు. ఆ చుక్కలు కొట్టేవాళ్ల చేతి వేగం చూస్తే మన ఫోర్కులు పక్కన పడేయాలనిపిస్తుంది.

సన్నకుట్టు
దాంతో పర్సు చేయొచ్చా?

ధర్మవరం_పక్కూరు
చేయలేరు. మడిస్తే పగులుతుంది, తడిస్తే మెత్తబడి ఒంకర పోతుంది. లాంప్ షేడ్‌కే. అది కూడా ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాత బల్బు వేడికి ముడుచుకుంటుంది.

పల్నాటి_పలుపు
డప్పూ అంతే. పచ్చి మేకతోలును చింతగింజల జిగురుతో చెక్క చట్రానికి బిగిస్తారు. వాయించేముందు మంట దగ్గర కాస్తారు చూశారా, వేడికి తోలు బిగుసుకుంటుంది, కంఠం లేస్తుంది. టానింగ్ చేసిన తోలైతే అలా మోగదు.

డాలస్_వార్లు
ధరల గురించి అడగొచ్చా? ఇక్కడ ఒక చేతి పర్సుకు నేను అడిగిన డబ్బు ఇస్తారు. ఇండియాలో మీరంతా ఎలా అమ్ముతున్నారు?

రంపె_పాతబడి
అమ్మడం కష్టమే. తోలు, దారం ఖర్చు వేస్తే సరిపోతుందనుకుంటారు గిరాకీలు. ఎనభై రంధ్రాల కూలి ఎవరూ లెక్కేయరు. మొన్న ఒకాయన వచ్చి మాల్‌లో ఇదే పర్సు సగం ధరకు వస్తుందన్నాడు. తెచ్చి చూపించమన్నా. స్ప్లిట్ మీద ప్లాస్టిక్. అంచు గోరుతో గీకి చూపించా, పొర లేచింది. కొనలేదు అనుకో, కానీ బెల్టు ఒకటి ఆర్డరిచ్చి వెళ్లాడు.

నా పద్ధతి ఇది: తాపీమేస్త్రీ రోజు కూలిని గంటల లెక్కన భాగించి, నేను పెట్టిన గంటలకు వేస్తాను. అంతకంటే తక్కువకు ఒప్పుకోను. అలా వేస్తే గిరాకీలు తగ్గుతారు, కానీ మళ్లీ వస్తారు.

మున్నేరు_గట్టు
నేర్చుకోవడానికి ఎక్కడైనా కోర్సు ఉందా అన్నా? పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు.

ఆంబూర్_కెమిస్ట్రీ
తోలు తయారీ అయితే చెన్నై అడయార్‌లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ, 1948 నుంచి ఉంది. చెప్పులు, బ్యాగుల డిజైన్‌కు హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ అనే సంస్థ. రెండూ పరిశ్రమ కోసం పెట్టినవి. చేత్తో కుట్టడం నేర్చుకోవాలంటే మీ ఊరి పెద్దాయన దగ్గర కూర్చోవడమే మంచిది. ఊరికే మాత్రం కాదు, ఆయన సమయానికి డబ్బిచ్చి కూర్చోండి.

నిర్వాహకుడు
ధరలు, అమ్మకాల మీద ఇంకా రాయాలనుకునేవాళ్లు "అమ్మకం, కొనుగోలు" విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ పని గురించే ఉండనిద్దాం. ఈ మధ్య ఒక కొట్టు వెజ్ టాన్ అని చెప్పి క్రోమ్ పంపిందని ఇద్దరు సభ్యులు రాశారు. కొట్టు పేరు ఇక్కడ రాయకండి. పైన మేడం చెప్పిన పరీక్షలు చేసి, ఫొటోలతో ముందు వాళ్లనే అడగండి.

కొత్తచేయి_హనుమకొండ
సరే సార్. పెరియమేట్ నుంచి ముక్కలు తెప్పించాను. మరిగే నీళ్ల పరీక్షలో రెండు ముక్కలు ముడుచుకున్నాయి, ఒకటి అలాగే ఉంది. ముడుచుకున్న వాటితో కార్డు హోల్డరు మొదలుపెట్టాను. నాన్న బెల్టుకు 3.5 మి.మీ. గేదె తోలు పట్టీ కొన్నాను. బకిల్ దగ్గర మడత పెడితే చాలా మందంగా, రెండింతలై కూర్చుంది. లూపుల్లోంచి దూరదేమో?

రంపె_పాతబడి
మడిచే చోటును వెనక వైపు నుంచి చెక్కు. బకిల్ పుల్ల ఆనే చోటు నుంచి కొస దాకా, సగం మందానికి. కత్తిని దాదాపు పడుకోబెట్టి, నీ వైపు నుంచి బయటికి తోయి. ఒకేసారి లోతుగా దించకు, పలచటి పొరలుగా తీయి. ముందు పనికిరాని తోలు ముక్క మీద చేయి కుదురుకోనీ. మడిచేముందు ఆ చోట కొంచెం తడి చెయ్యి. పొడిగా ఉన్న వెజ్ టాన్‌ను ఒక్కసారి మడిస్తే పైపొర చిట్లుతుంది.

సన్నకుట్టు
బకిల్ పుల్ల కోసం పొడుగాటి రంధ్రం కావాలి కదా. దానికి ప్రత్యేకం పంచ్ కొనక్కర్లేదు. పాతిక మి.మీ. ఎడంతో రెండు గుండ్రటి రంధ్రాలు కొట్టి, మధ్యలో రెండు గీతలు కోసేయండి. మూలలు చదరంగా కోయొద్దు, చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది.

విశాఖ_ఉప్పుగాలి
బకిల్ ఇత్తడిదే కొనండి, అయస్కాంతం పెట్టి చూసి. అంటుకుంటే లోపల ఇనుము. మా గాలికి అయితే ఒక్క వానాకాలం చాలు, తుప్పు పట్టి చొక్కా మీద మరక వేస్తుంది. వెజ్ టాన్ మీద అయితే ఆ తుప్పు చోటల్లా నల్ల మచ్చ పడుతుంది, ఇందాక మేడం చెప్పిన వెనిగర్ నీళ్ల కారణమే.

కొత్తచేయి_హనుమకొండ
అయస్కాంతం పెట్టాను, అంటుకుంది. బకిల్ మార్చడానికి రేపు వెళ్తున్నా. వెడల్పు లోపలి కొలతే చూడాలా, బయటిదా?

సన్నకుట్టు
లోపలిది. పట్టీ 35 అయితే బకిల్ లోపల 35 లేదా 36. పట్టీ ముక్క జేబులో పెట్టుకుని వెళ్లి, కొట్లోనే దూర్చి చూసుకోండి.